ఆగస్టు పదకొండున పోయిన షాజాదీ

ఉద్యోగమంతా కిటికీ వెనక కుర్చీలో కూర్చుని చేసిన మనిషి, అది అయిపోయాక ఒక్కచోట అరగంట కూర్చోలేకపోయాడు. నల్లపాడు స్టేషన్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు టికెట్లిచ్చి రిటైరైన పానకాలు సంగతి అది. పేపరు చదువుతూ చదువుతూ లేస్తాడు. గుమ్మం దాకా వెళ్తాడు. ఎందుకొచ్చానా అని ఆలోచించి మళ్ళీ లోపలికొస్తాడు.

"కాలుగాలిన పిల్లిలా ఏంటండీ ఆ తిరుగుడు? గచ్చు అరిగిపోద్ది," అంటుంది భార్య మల్లేశ్వరి.

ఆయన్ని కాస్త కుదురుగా ఉంచేది పొద్దున్నే ఆరింటికి చేసే పని ఒక్కటే. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, గొంతు సవరించుకుని, "కళాభిమానులందరికీ నమస్కారం. ఈ రోజు తేదీ ఫలానా..." అని మొదలుపెడతాడు. ఆ తేదీన పుట్టిన మన వైపు కళాకారులు, ఆ తేదీన కాలం చేసినవాళ్ళు, ఆ తేదీన మొదటి కచేరీ చేసినవాళ్ళు, గజ్జె కట్టినవాళ్ళు, సన్మానం పొందినవాళ్ళు, అందరినీ మూడు నిమిషాల్లో తలుచుకుంటాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎనిమిది వందల మంది ఆ వాట్సాప్ గ్రూపులో ఉన్నారు. పేరున్న పెద్దవాళ్ళ జోలికి ఆయన పోడు. వాళ్ళకు పేపర్లున్నాయి, టీవీలున్నాయి. ఆయన తేదీలు రాసుకునే పుస్తకంలో ఉండేది పెళ్ళి మేళాలవాళ్ళు, నాటకాల్లో హార్మోనియం వాయించినవాళ్ళు, హరికథలు చెప్పినవాళ్ళు, బుర్రకథల్లో వంతపాట పాడినవాళ్ళు.

దీనికి మూలం ఆయన తండ్రి. మంగళగిరిలో పగలు మగ్గం నేసి, సాయంత్రాలు నాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. ఆయన పోయిన చాలా ఏళ్ళకు ఏదో దరఖాస్తులో తండ్రి మరణించిన తేదీ అడిగారు. పానకాలు కలం పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తిథి తెలుసు, ఏటా తద్దినం పెడుతున్నాడు. తేదీ తెలియదు. పాత పంచాంగం కోసం ఊరంతా తిరిగి, తిథిని తేదీలోకి మార్చుకుని వచ్చేదాకా ఆయనకు అన్నం సయించలేదు. ఆ మర్నాటి నుంచి టికెట్ కిటికీ దగ్గరికి మేళాలవాళ్ళు ఎవరొచ్చినా, టికెట్ ఇచ్చేముందు అడగడం మొదలుపెట్టాడు. "మీరు ఎప్పుడు పుట్టారండీ? మీ గురువుగారు ఏ తేదీన పోయారు?"

అలా పద్నాలుగేళ్ళకు పుస్తకం లావైంది. రోజుకొక పేజీ. జూలై ఒకటో తేదీకి పేజీ చాలక మూడు కాగితాలు అతికించాడు. వెనకటి రోజుల్లో బళ్ళో చేర్చుకునేటప్పుడు పిల్లాడి పుట్టినరోజు తెలియకపోతే అయ్యవారు జూలై ఒకటి అని రాసేసేవాడు. అందుకని మన వైపు సగం మంది కళాకారులు ఆ రోజే పుట్టారు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిక్కూడా ఒక మృదంగం ఆయన దొరికాడు. ఒక్క పేజీ మాత్రం ఖాళీగా మిగిలింది. ఆగస్టు పదకొండు.

ఏటా ఆ రోజున పానకాలు, "ఈ తేదీన మన సమాచారంలో ఎవరూ లేరు," అని చెప్పి ఊరుకునేవాడు. మొదట్లో అది మామూలుగానే ఉండేది. తర్వాత్తర్వాత పంటి కింద రాయిలా తగలడం మొదలైంది. మూడు వందల అరవై అయిదు రోజులకు మనుషులు దొరికి, ఈ ఒక్కరోజుకు దొరకరా? ఆ ఏడాది ఆషాఢం వెళ్ళేసరికే ఆయనకు నిద్ర తగ్గింది. తెలిసిన ప్రతివాడికీ ఫోను చేశాడు. "మీ తాతగారు ఆగస్టులోనే కదండీ పోయింది? పదకొండా, పన్నెండా? కొంచెం గుర్తు చేసుకోండి," అని బతిమాలాడు. ఒకాయనైతే, "మా తాత చావు మీకు ఒకరోజు ముందుకి జరపాలా ఏంటండీ?" అని ఫోను పెట్టేశాడు.

ఆగస్టు పదో తేదీ సాయంత్రం పెదకాకానిలో డోలు వేణుగోపాల్ కనిపించాడు. ఇద్దరూ టీ తాగుతుంటే పానకాలు మళ్ళీ అదే అడిగాడు.

వేణుగోపాల్ గ్లాసు దించి, "కనిగిరి వైపు సన్నాయి అక్కచెల్లెళ్ళు ఉండేవాళ్ళు, గుర్తున్నారా? సాయిబుల ఆడపిల్లలు. ఆ రోజుల్లో వాళ్ళ పక్కన నేను చాలా వాయించాను. చిన్నావిడ పోయిందంట," అన్నాడు.

"షాజాదీ గారా! ఎప్పుడు?"

"రెండు మూడేళ్ళయి ఉంటుంది. పొదిలిలో ఎవరో చెప్పారు."

"తేదీ?"

"తేదీ నాకేం తెలుసు అన్నా? జెండా పండక్కి ముందనుకుంటా. మూడు నాలుగు రోజుల ముందు."

పదిహేనులోంచి నాలుగు తీసేస్తే పదకొండు. పానకాలు గ్లాసు పక్కన పెట్టేశాడు. ఇద్దరు చెప్పందే ఏ తేదీ రాయకూడదనేది ఆయన పెట్టుకున్న నియమం. కనిగిరిలో తెలిసినవాళ్ళ నంబరు ఒకటుంది, చేశాడు. స్విచాఫ్. ఇంకోసారి చేశాడు. ఇంటికొచ్చి వాకిట్లో పచార్లు చేస్తూ మరో నాలుగుసార్లు చేశాడు. తర్వాత పుస్తకం తీసి, ఆగస్టు పదకొండు పేజీలో, ఎర్ర సిరాతో, 'షాజాదీ, నాదస్వరం, మరణం' అని రాశాడు. రాసిన చెయ్యి కాసేపు పేజీ మీదే ఉంచాడు. ఎన్నాళ్ళ నుంచో తీరని దురద తీరినట్టయింది.

మర్నాడు ఆదివారం. ఆరింటికి ఆయన చెప్పిన నివాళి మూడు నిమిషాలు దాటి అయిదు నిమిషాలైంది.  పది గంటలకల్లా అరవై మంది తమ గొంతుల్లో సమాధానాలు పంపారు. ఇంతమంది ఎప్పుడూ పలకలేదు. పానకాలుకు సంతోషం వేసింది, ఆ సంతోషానికి సిగ్గూ వేసింది. ఇంతమంది పొగుడుతుంటే కూర్చుని వినాలి కదా, కూర్చోలేకపోయాడు. ఎక్కడో ఏదో కుదరలేదని లోపల పీకుతూనే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు తెలియని నంబరు మోగింది.

"పానకాలు గారేనా అండీ?" ఆడగొంతు.

"అవునమ్మా. మీరు?"

"నా పేరు నజ్మీన్. కనిగిరి నుంచి. పొద్దున మీరు చెప్పింది తిరిగి తిరిగి మా దాకా వచ్చింది. షాజాదీ గారు పోయారని."

"అవునమ్మా, మహా విద్వాంసురాలు. మీరు ఆమెకి ఏమవుతారు?"

"ఆమె మా పిన్ని. ఇక్కడే కూర్చుని జొన్నరొట్టె తింటోంది. ఏమన్నా మాట్లాడతారా?"

 పానకాలు తలుపు రెక్క పట్టుకున్నాడు. "అమ్మా... పొరపాటు... నాకెవరో..." అన్నాడు.

"పొద్దుట్నుంచి ముప్ఫై ఫోన్లొచ్చాయండీ. పామూరు నుంచి నలుగురు ఆటో కట్టించుకుని ఏడుస్తూ దిగారు. వాళ్ళకు మా పిన్నే ఎదురెళ్ళింది. ఒకావిడ కళ్ళు తిరిగి పడిపోయింది. బతికున్న మనిషికి దండ వేస్తారా ఎవరన్నా?"

వెనక నుంచి ఒక బొంగురు గొంతు వినిపించింది. "తిట్టబోకు. ఆయన్ని ఒకసారి రమ్మను. నా చావు నేను సరిగ్గా వినలేదు."

పానకాలు వెంటనే ఆ నివాళి తీసేశాడు. అప్పటికే అది ఎన్ని గ్రూపులకు పాకిందో తెలియదు. 'షాజాదీ గారు క్షేమంగా ఉన్నారు, నన్ను మన్నించాలి' అని టైపు చేసి పెట్టాడు. నవ్వు బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి మధ్యలో ఒకాయన, 'అయితే మా మేనమామ గారి తేదీ అయినా నిజమేనా, లేక అదీ ఇలాగేనా?' అని అడిగాడు. ఆ ఒక్క ముక్క పానకాలును కోసేసింది. పద్నాలుగేళ్ళ పుస్తకం ఒక్క పూటలో అనుమానం పాలైంది. ఆయన భోజనం ముందు కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇక్కడ తిరిగి ఏం లాభం? ఆ తిరిగేదేదో కనిగిరి దాకా తిరిగి రండి," అంది మల్లేశ్వరి.

సోమవారం తెల్లారుతూనే బస్సెక్కాడు. చిలకలూరిపేట దాటాక రోడ్డుకు రెండు వైపులా మోకాలెత్తు పత్తి. అద్దంకి దాటాక అదీ పలచబడింది, నేల ఎర్రగా బయటపడింది. వానలు లేక మిరప నారు పోసినవాళ్ళు డ్రమ్ములతో నీళ్ళు మోస్తున్నారు. దర్శిలో బస్సు ఆగినప్పుడు దిగి వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. ఒడిలో పుస్తకం ఉంది. దాన్ని ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు. ఆమె తిడితే పడాలి. కొడితే కూడా పడాలి. తిట్టకుండా ఊరుకుంటేనే ఏం చెయ్యాలో తెలియదు.

నజ్మీన్‌ది కనిగిరి బజార్లో చిన్న కుట్టుషాపు. దాని వెనకే ఇల్లు. షాపు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని జాకెట్లకు హుక్కులు కుడుతోంది. ఎర్రంచు చీర, తల మీద కొంగు, మందపాటి అద్దాలు. ముందు పళ్ళు రెండు లేవు. పానకాలు చెప్పులు విప్పి నిలబడ్డాడు. వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"వద్దబ్బాయా. చచ్చినోళ్ళకి పెట్టావుగా నిన్న. చాలు," అంది షాజాదీ. "కూర్చో. నజ్మీన్, నీళ్ళియ్యి."

"తప్పయిపోయింది తల్లీ. ఆ పేజీ ఖాళీగా ఉందని... ఆత్రపడ్డాను."

ఏ పేజీ అని ఆమె అడిగింది. ఆయన పుస్తకం విప్పి అంతా చెప్పాడు, తండ్రి తేదీ దగ్గర్నుంచి. ఆమె సూది ఆపకుండా విన్నది.

"అయితే నేను చచ్చానని విని ఎంతమంది ఏడ్చారు?"

"అరవై ఇద్దరు."

"వినిపించు."

"ఎందుకు తల్లీ, అవన్నీ..."

"ఎవరికి దొరుకుతుందయ్యా ఈ భాగ్యం? వినిపించు."

పానకాలు ఒక్కొక్కటే నొక్కాడు. అద్దంకి మాస్టారు ఒకాయన, తన పెళ్ళిలో ఆమె వాయించిన సన్నాయి వల్లే కాపురం చల్లగా సాగిందన్నాడు. "గుర్తుంది. ఆ పెళ్ళిలో వంకాయ కూర మాడింది," అంది షాజాదీ. ఇంకొకాయన ఏడుస్తూనే చెప్పాడు. తుమ్మినా ఏడ్చినట్టే ఉండే గొంతు ఆయనదని ఆమె నవ్వింది. తర్వాత చీరాల నుంచి ఒక పాటగాడు: "ఆమె కల్యాణి రాగం ఎత్తుకుని పైషడ్జం మీద నిలబడితే, పందిట్లో పిల్లలు కూడా ఏడుపు ఆపేవాళ్ళు..."

ఆమె సూది ఆగింది. "అది నేను కాదు. అక్క."

తర్వాతది ఒంగోలు ఆవిడ. "పన్నెండేళ్ళ వయసులో రథం ముందు మూడు గంటలు ఏకబిగిన వాయించిన ఘనత..."

"అదీ అక్కే. నాకప్పుడు తొమ్మిదేళ్ళు, నిద్రొచ్చి ఎద్దుబండిలో పడుకున్నాను."

ఇంకొకటి, ఇంకొకటి. పది మంది పొగిడితే ఏడుగురి పొగడ్త అక్కదే. పానకాలు ఆపబోతే ఆమె ఆపనివ్వలేదు. చివరిదాకా విని, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"మేమిద్దరం ఒకటే అనుకున్నారు అందరూ," అంది. "ఎవరు ఎవరో ఒక్కడికీ తెలీదు."

"మీ అక్కగారు ఎక్కడున్నారు తల్లీ?" అని అడిగాడు పానకాలు. అడిగాక, షాపు లోపల మిషను చప్పుడు ఆగిపోయిందని గమనించాడు.

నజ్మీన్ బయటికొచ్చింది. "మా అమ్మేనండీ. రహిమున్నీసా. కరోనా రెండో ఏడాది పోయింది. రంజాన్ పండగ మర్నాడు. ఒంగోలు ఆసుపత్రి నుంచి తిన్నగా కబరస్తాన్‌కే తీసుకుపోయారు. నలుగురం కూడా లేము."

"మే పదిహేను," అన్నాడు పానకాలు, ఆలోచించకుండానే.

"ఆ. అప్పుడు ఒక్క ఫోను రాలేదు," అంది షాజాదీ. "యాభై ఏళ్ళు వాయించింది. ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని రథాలు, లెక్కలేదు. పోయిందని ఒక్కడు అనలేదు. ఇన్నేళ్ళకి ఏడుపులొచ్చాయి. అవీ తప్పు ఇంటికొచ్చాయి."

పానకాలు పుస్తకంలో మే పదిహేను పేజీ తీశాడు. అయిదు పేర్లున్నాయి. ఆవిడ పోయాక ఆ పేజీ మూడుసార్లు చదివాడు తను, పొద్దున్నే, గొంతు సవరించుకుని. ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. కిందనున్న చోటులో రహిమున్నీసా పేరు రాశాడు. రాసి, అలవాటు కొద్దీ, "పుట్టిన తేదీ?" అన్నాడు.

"బడికి పంపితే గదా తేదీ ఉండేది. అక్క మిరప కోతలప్పుడు పుట్టింది, నేను పత్తి తీతలప్పుడు. అంతే తెలుసు."

ఆయన ఆ మాటే రాసుకున్నాడు. తేదీ కాని మాట ఆ పుస్తకంలో రాయడం అదే మొదలు. తర్వాత అడుగుతూ పోయాడు, ఆమె చెబుతూ పోయింది. తండ్రికి మగపిల్లలు లేరు. గుళ్ళో వాయించే సన్నాయి తనతో ఆగిపోతుందేమోనన్న దిగులుతో ఇద్దరు ఆడపిల్లలకే నేర్పాడు. ఊళ్ళో వింటే నవ్వుతారని, తెల్లారకముందే పత్తి చేలల్లోకి తీసుకెళ్ళి వాయింపించేవాడు. అక్క ముందు వాయించాలి, చెల్లెలు వెనక అందుకోవాలి. అలాగే యాభై ఏళ్ళు గడిచాయి. అక్క పెళ్ళి చేసుకుంది, నజ్మీన్ పుట్టింది. షాజాదీ చేసుకోలేదు. అక్క పోయిన రోజే సన్నాయి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టింది.

"మళ్ళీ తియ్యలేదా తల్లీ?"

"ఎందుకు? నేను వెనక వాయించే మనిషిని. ముందు ఎవరన్నా వాయిస్తే గదా వెనక."

పానకాలు అడిగాడు. "అన్నీ అక్కగారివే అంటున్నారు. మరి మీదేంటి తల్లీ?"

 షాజాదీ దారం తెంపింది, ఇంకో సూదిలో ఎక్కించబోయి మానేసింది. "అక్క కూడా మనిషే గదా, ఊపిరి తీసుకోవాలి. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు పాట తెగకుండా చూసింది నేను," అంది. "వినేవాళ్ళకి అక్క ఊపిరి తీసుకుందని కూడా తెలీదు. అది నాది."

ఆ మాటకు నజ్మీన్ మొహం పక్కకు తిప్పుకుంది. పానకాలు ఫోను తీసి, గ్రూపు తెరిచి, "ఈ మాట మీరే చెప్పండి, నేను చెప్పను," అన్నాడు. ఆమె మొదట వద్దంది. తర్వాత ఫోను లాక్కుని, చెవి దగ్గర పెట్టుకుని, దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా అరిచింది: "నేను షాజాదీని. చావలేదు. పోయింది మా అక్క రహిమున్నీసా. మీరు పొగిడిందంతా ఆమెదే. ఏడ్చేవాళ్ళు ఆమె కోసం ఏడవండి."

"మరి ఆగస్టు పదకొండు?" అంది, ఫోను తిరిగిస్తూ.

"కొట్టేస్తాను తల్లీ."

"కొట్టెయ్యి. ఆ రోజు ఎవరూ పుట్టకపోతే పుట్టకపోనీ. నీకేం పోయింది?"

ఆయన ఎర్ర గీత కొట్టాడు. నొప్పి పుట్టలేదు. అది ఆయనకే వింతగా అనిపించింది.

ఆమె గొంతు విన్నాక గ్రూపులో నవ్వులు ఆగిపోయాయి. వేణుగోపాల్ ఫోను చేసి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. పొదిలిలో జెండా పండక్కి ముందు తను విన్నది పెద్దావిడ సంగతేనని, పేరు తారుమారు చేసింది తనేనని ఒప్పుకున్నాడు. రెండు రోజుల తర్వాత కొత్త పీకలు సంపాదించి, కనిగిరి బస్సులో పంపాడు. నోట్లో పెట్టుకుని ఊదే ఆ చిన్న పీక లేనిదే సన్నాయికి పలుకు లేదు. పాతవి మూడేళ్ళలో ఎండి చీలిపోయి ఉంటాయని అతనికి తెలుసు.

అప్పట్నుంచి పానకాలుకు మళ్ళీ నిలకడ లేదు. పొద్దున్నే నివాళులు చెప్పడం, ఆ తర్వాత కనిగిరి ఫోను కోసం ఎదురుచూడడం. మొదట ఆమె పీకలు వెనక్కి పంపుతానంది. తర్వాత ఒకరోజు, "గాలొస్తోంది గాని పాట రావడంలా," అని ఫోను పెట్టేసింది. వినాయక చవితికి, "కుట్టుషాపుకొచ్చేవాళ్ళు భయపడుతున్నారు," అంది. దసరాకి ఏమీ అనలేదు, ఫోనే ఎత్తలేదు. పానకాలు రెండుసార్లు బస్టాండు దాకా వెళ్ళి, ఒత్తిడి చేసినట్టవుతుందని తిరిగొచ్చాడు. కార్తీకం మొదట్లో నజ్మీన్ చేసింది. "పిన్ని వాయించడానికి వస్తానంటోందండీ. పెదకాకానిలో, వేణుగోపాల్ గారి డోలు ఉంటేనే."

కార్తీక సోమవారం సాయంత్రం గుడి ముందు చిన్న పందిరి. యాత్రికులు వస్తున్నారు, పోతున్నారు. వినడానికి కూర్చున్నవాళ్ళు నలభై మంది ఉంటారు. షాజాదీ కూర్చుని, తనకు కుడి వైపు ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది. ఎవరో అక్కడ కూర్చోబోతే నజ్మీన్ చెయ్యి అడ్డం పెట్టింది. శ్రుతి మొదలైంది. షాజాదీ సన్నాయి నోటికెత్తుకుంది.

మొదటి ఊదుకు పలుకు రాలేదు. కీచుమని చప్పుడొచ్చి ఆగిపోయింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పానకాలు లేచి స్తంభం వెనక్కి వెళ్ళాడు. అక్కడా నిలబడలేక పందిరి చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. రెండోసారీ అంతే. షాజాదీ పీక తీసి, తడిచేసి, మళ్ళీ పెట్టింది. వేణుగోపాల్ డోలు మీద చేతులాన్చి, తల దించుకుని కూర్చున్నాడు.

మూడోసారి కల్యాణి వచ్చింది. సన్నగా, కాస్త వణుకుతూ, కానీ కల్యాణే. పానకాలు నడక ఆగింది. ఆమె పైకి వెళ్ళింది, ఇంకొంచెం పైకి వెళ్ళింది, ఊపిరి అయిపోయింది. పాట తెగింది. అందుకునేవాళ్ళు లేరు. శ్రుతి ఒక్కటే మోగుతోంది. ఆమె దాచుకోలేదు, తొందరపడలేదు. నలభై మంది ముందు నిండుగా గాలి పీల్చుకుని, ఆగిన చోటు నుంచే ఎత్తుకుంది. అలా ఇరవై నిమిషాలు. పాట ఎన్నోసార్లు తెగింది. తెగిన ప్రతిసారీ ముందుకే నడిచింది. చివరికొచ్చేసరికి దారిన పోయే యాత్రికులు కూడా కొందరు నిలబడిపోయారు.

వాయించడం అయిపోయాక ఆమె వేణుగోపాల్ వైపు తిరిగింది. "ఏరా, నన్ను చంపింది నువ్వేనంట?" అని మైకులో అందరికీ వినపడేలా అడిగింది. అతను డోలుతో సహా వంగి ఆమె కాళ్ళ మీద పడ్డాడు. పందిరంతా నవ్వింది.

పానకాలు దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయాడు. ఆమె చెప్పనివ్వలేదు. "చీరాలలో క్లారినెట్ వాయించే ఆయన ఒకడున్నాడు. పెళ్ళిళ్ళలో మాకు పోటీ. చూపు పోయి ఇంట్లోనే ఉన్నాడంట. పుట్టిన తేదీ నాకు తెలీదు. నువ్వెళ్ళి ఆయన్నే అడుగు. తొందరగా పో."

"రేపే వెళ్తాను తల్లీ."

ఆయన నిజంగానే మర్నాడు వెళ్ళాడు. క్లారినెట్ ఆయన వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఎనభై ఏళ్ళ మనిషి. పానకాలు పుస్తకం తెరవకుండానే పక్కన కూర్చున్నాడు. మొదట ఆయన ఏం వాయించేవాడో అడిగాడు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు, లేవలేదు.